చెర్దిన్, ఇస్కోర్: టైమ్ తక్కువుంటే కొండకే వెళ్లండి

రష్యాలోని పెర్మ్‌లో మెడిసిన్ చదివే మన పిల్లల్ని చూడ్డానికి వెళ్లేవాళ్లు వీలు చేసుకుని ఇంకో 300 కిలోమీటర్లు ఉత్తరంగా చెర్దిన్ అనే పాత ఊరి దాకా, దాని దగ్గరున్న ఇస్కోర్ కోట కొండ దాకా వెళ్లి రండి. ట్రైన్ లేదు, బస్సులో పగలు చాలావరకు పోతుంది. మేం దిగిన గెస్ట్ హౌస్ శుభ్రంగానే ఉంది, వేడినీళ్లొచ్చాయి, కానీ ఫొటోల్లో నది చూపించి వెనక రూమ్ ఇచ్చారు, అడిగినా మార్చలేదు. మాంసం తినకపోతే బంగాళాదుంపలు, క్యాబేజీయే గతి. మన వీసా, మాస్టర్ కార్డులు అక్కడ పనిచెయ్యవు, క్యాష్ పెట్టుకోండి.

చెర్దిన్‌లోని 1899 నాటి మ్యూజియంకి ఒక పూట చాలు, కంచు బొమ్మలు మాత్రం వదలొద్దు, ఎలుగుబంట్లు, దుప్పులు, రొమ్ము మీద మనిషి మొహమున్న పక్షి, రష్యన్లు రాకముందు ఇక్కడున్నవాళ్లు పోత పోసినవి. మేం మాట్లాడుకున్న గైడ్ ఓపిగ్గానే తిప్పాడు గానీ 1472 దగ్గరికొచ్చేసరికి ఈ ప్రాంతం రష్యాలో కలిసింది అని ఒక్క ముక్కలో తేల్చేశాడు.

ఊరికే కలవలేదండీ. మాస్కో వ్యాపారుల్ని బాధపెట్టారన్న సాకుతో మాస్కో పాలకుడు మూడో ఇవాన్ సైన్యం పంపాడు, దాని సేనాని ఫ్యోదోర్ పెస్త్రీ తెప్పల మీద నది దిగి, అక్కడ్నుంచి గుర్రాల మీద ఇస్కోర్ మీదికొచ్చాడు. కోల్వా నది దగ్గర ఇక్కడి స్థానిక జాతివాళ్లు కోమీ పెర్మ్యాకులు ఓడిపోయారు, వాళ్ల రాజు మిఖాయిల్‌ని పట్టుకుని మాస్కో పంపారు, ఆయనతోపాటు 16 నలభైల సేబుల్ (ఖరీదైన బొచ్చున్న చిన్న జంతువు) తోళ్లు, అంటే 640. అసలు ఆశంతా ఆ తోళ్ల మీదే అని నా నమ్మకం. ఆయన్ని సామంతుడిగా తిరిగి పంపినా 1505లో కొడుకు మత్వేయ్‌ని దించేసి మాస్కో తన మనిషిని కూర్చోబెట్టింది. ఇంకా బాధేంటంటే 1483లో ఉరల్స్ కొండల అవతల మాన్సీ, ఖాంతీ అనే జాతుల మీదికెళ్లిన దండులో ఈ పెర్మ్ వాళ్లని కూడా నడిపించారు.

ఇస్కోర్ కోట కొండ చెర్దిన్ నుంచి న్యిరోబ్ అనే ఊరికి వెళ్లే దారిలో ఉంది. పైకెక్కే చోట రెండు బండల మధ్య సందు, భుజాలు రెండు పక్కలా రాసుకుంటాయి, నాచు తడికి చొక్కా పచ్చబడింది, పైకెళ్తే పాత మట్టిగట్టు, చుట్టూ అడవే. ఇంత ఇరుకు దారిని కొద్దిమందే కాచుకోవచ్చనిపిస్తుంది, అయినా కోట పడింది, బుర్మత్, మిచ్కిన్ అనే సేనానులు ఇక్కడే దొరికిపోయారు, వాళ్ల పేర్లు గెలిచినవాళ్ల రాతల్లోనే మిగిలాయి.

చెర్దిన్‌లోనే కారు మాట్లాడుకోండి, వెయిటింగ్‌తో కలిపి రేటు ముందే తేల్చుకోండి, మా డ్రైవర్ చెప్పిన దానికన్నా రూబుల్ ఎక్కువ అడగలేదు. జూన్, జూలైలో దోమలు పీక్కుతింటాయి, సెప్టెంబర్ మొదట్లో అయితే హాయి. వానొస్తే ఆ సందులో కాలు జారుతుంది, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని పైకి ఎక్కించొద్దు.