ఐ7 స్టిక్కర్ చూసి ల్యాప్‌టాప్ కొనకండి, పూర్తి నంబర్ అడగండి

ఎడిటింగ్ కోసం ల్యాప్‌టాప్ చూస్తున్నవాళ్ళు కాస్త ఆగి ఇది చదవండి. మా తమ్ముడు పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాడు. సికింద్రాబాద్‌లో ఒక షాపువాడు "డెస్క్‌టాప్ ఐ7 అయినా ఇదైనా రెండూ పదమూడో జనరేషనే అన్నా. అది 5.2 గిగాహెర్ట్జ్, ఇది 5. తేడా ఏముంది?" అని వాడికి ఒకటి అంటగట్టాడు.

తీరా చూస్తే లోపలున్నది ఇంటెల్ ప్రాసెసర్ ఐ7-1355యు. షాపువాడు పోల్చింది డెస్క్‌టాప్ చిప్ ఐ7-13700తో. అందులో 16 కోర్లు (చిప్‌లో లెక్కలు చేసే భాగాలు), వాటిలో ఎనిమిది పెద్దవి. దీంట్లో మొత్తం 10, పెద్దవి రెండంటే రెండే! బేస్ పవర్ దీనికి 15 వాట్లు, దానికి 65. టర్బోలో, అంటే కాసేపు పూర్తి వేగంతో నడిచేటప్పుడు, అది 219 వాట్ల దాకా లాగుతుంది. 5 గిగాహెర్ట్జ్ అబద్ధమేమీ కాదు, కాకపోతే అది ఒకటి రెండు కోర్లకి, అదీ కాసేపే.

ఎక్స్‌పోర్ట్ పెట్టి టాస్క్ మేనేజర్ తెరిచాం. మొదట స్పీడు బాగానే ఉంది. తర్వాత ఫ్యాన్ హోరెత్తింది, అంకె మెల్లగా దిగుతూ రెండు చిల్లర గిగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోయింది. అక్కణ్ణుంచి పైకి రాలేదు. చార్జర్ పీకితే ఇంకా నీరసం.

చిప్ చెడ్డదని అనట్లేదు. వాట్‌కి ఎంత పని అని లెక్కేస్తే ఇదే నయం. స్పీడు పెంచాలంటే వోల్టేజీ పెంచాలి, పవర్ ఖర్చేమో వోల్టేజీ వర్గంతో పాటు ఎగబాకుతుంది. అందుకే డెస్క్‌టాప్ చిప్ ఆ చివరి కాస్త స్పీడు కోసం అన్ని వాట్లు తాగేది. బ్రౌజింగ్, ఎక్సెల్, కోడింగ్ క్లాసులకి ఇలా నంబర్ చివర యు ఉన్న చిప్ హాయిగా సరిపోతుంది. గంటల తరబడి రెండర్ చేసేవాళ్ళకి దీన్ని అమ్మడమే అన్యాయం.

ఇంకో చిప్ కంపెనీ ఏఎండీలోనూ ఈ గోల ఉంది. రైజెన్ 5 7520యు పేరుకి 7000 సిరీస్, లోపల మాత్రం 2019 నాటి పాత డిజైన్ జెన్ 2 కోర్లు నాలుగు. డెస్క్‌టాప్ రైజెన్ 5 7600లో జెన్ 4 కోర్లు ఆరు.

నంబర్ చివర హెచ్ ఉంటే కొంత నయం, హెచ్‌ఎక్స్ అయితే దాదాపు డెస్క్‌టాప్ చిప్పే. బరువు, వేడి కూడా ఆ లెక్కనే ఉంటాయి. షాపులోనే సినీబెంచ్ (ప్రాసెసర్ వేగం పరీక్షించే సాఫ్ట్‌వేర్) పది నిమిషాలు నడిపించమనండి. ఒప్పుకోకపోతే ఇంకో షాపు చూసుకోండి.

బిల్లు మీద కూడా ప్రాసెసర్ పూర్తి నంబర్ రాయించుకోండి. మావాడి బిల్లులో "ఐ7 ల్యాప్‌టాప్" అని మాత్రమే ఉంది. వెనక్కి తీసుకోమంటే షాపువాడు ఇప్పుడు ఆ ముక్కే చూపిస్తున్నాడు.