తిరుపతి జిరాక్స్ షాపుల ఎథిక్స్ నోట్స్: మీమాంస భేష్, నిచ్చెన దండగ

యూనివర్సిటీ దగ్గరి జిరాక్స్ షాపుల్లో స్పైరల్ బైండింగుతో అమ్ముతున్న సివిల్స్ ఎథిక్స్ తెలుగు నోట్స్ ఇది. రాసినవాళ్ల పేరుండదు. ఎథిక్స్ ఉండే జీఎస్ (జనరల్ స్టడీస్) నాలుగో పేపరు 250 మార్కుల్లో 120 కేస్ స్టడీలవే. రెండు నియమాలు ఢీకొంటే ఏది నెగ్గాలన్నదే వాటిలో ఎక్కువగా తేల్చాల్సిన సంగతి. అందుకే మిగతా అధ్యాయాలు పక్కనపెట్టి 'ధర్మసంకటాలు' ఒక్కటే చూద్దాం.

మొదటి తప్పే పెద్దది. చట్టం, ఉద్యోగధర్మం, సమాజం, కుటుంబం అని నిచ్చెన గీసి, పైమెట్టుదే గెలుపని తేల్చేశారు. పైగా అది బ్రిటిష్ తత్వవేత్త రాస్ సిద్ధాంతమట! 1930లో డబ్ల్యూ.డి. రాస్ చెప్పింది దీనికి తలకిందులు. మాట నిలబెట్టుకోవడం, చేసిన నష్టం పూడ్చడం, కృతజ్ఞత, న్యాయం, పరోపకారం, ఆత్మవికాసం, హాని చేయకపోవడం: ఈ ఏడు కర్తవ్యాలకీ శాశ్వతమైన వరస లేదు. హాని చేయకపోవడం మామూలుగా పరోపకారం కన్నా గట్టిదన్నాడు, అంతే. ఓడిన కర్తవ్యం మాసిపోదు కూడా. మాట తప్పాల్సివస్తే పరిహారం బాకీ ఉంటుంది.

జర్మన్ తత్వవేత్త కాంట్ పేజీ సగమే ఉంది. మిత్రుణ్ని వెతుక్కుంటూ వచ్చిన హంతకుడితోనూ అబద్ధమాడరాదన్న 1797 నాటి ఉదాహరణ ఇచ్చి వదిలేశారు. కర్తవ్యాలు ఢీకొనవని, వాటి ఆధారాలే ఢీకొంటాయని, బలమైన ఆధారం నిలుస్తుందని అదే ఏడాది రాశాడాయన. ఆ ముక్క లేకపోతే కాంట్ ఉత్త మొండివాడిగా మిగులుతాడు.

మెచ్చుకోవాల్సింది మీమాంస (వేదవాక్యాలకు అర్థం తేల్చే శాస్త్రం) భాగం. ఊళ్లో సంస్కృత విశ్వవిద్యాలయం ఉంది కదా, ఆ గాలి సోకినట్టుంది. 'అందరికీ పెరుగు వడ్డించండి, కౌండిన్యుడికి మజ్జిగ' అంటే ఆయన విస్తట్లో రెండూ పొయ్యరు. ప్రత్యేక నియమం ఉన్నచోట సామాన్య నియమం తప్పుకుంటుంది, మిగతా విస్తళ్లలో అలాగే ఉంటుంది. ఇదైనా సరే అదైనా సరే అనే వికల్పం ఆఖరి దారి, దానికి ఎనిమిది దోషాలు. ఒక్క లోపం: శ్రుతి, లింగం, వాక్యం, ప్రకరణం, స్థానం, సమాఖ్య అనే ఆరు ప్రమాణాల బలాబలాల వరసను నైతిక విలువల వరసగా వాడేశారు. అది వేదవాక్యాలకు అన్వయం కుదర్చడానికి.

మహాభారతం కర్ణపర్వం నుంచి, నిజం చెప్పి అమాయకుల చావుకు కారణమైన కౌశికుడి కథ ఒక్కటే తీసుకున్నారు. ఇంకా పనికొచ్చేది ఆ పక్కనే ఉంది. గాండీవం వేరొకరికిమ్మన్నవాణ్ని చంపుతానని అర్జునుడి ప్రతిజ్ఞ. ఆ మాట అన్నది ధర్మరాజు. పెద్దవాణ్ని 'నువ్వు' అని తూలనాడితే చంపినట్టేనన్నాడు కృష్ణుడు. తూకం వేసేముందు, రెండు నియమాలనూ కాపాడే మూడో దారి వెతకడమన్నమాట.

చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ కేసులో ఈ లోటు బాగా తెలుస్తుంది. మురుగునీరు చెరువులో కలుస్తోంది. సీజన్లో మూయిస్తే కూలీలకు పని పోతుంది, గేటు ముందు ట్రాక్టర్లలోనే తోతాపురి కుళ్లుతుంది. నోట్స్ జవాబు: చట్టం పైమెట్టు, తాళం వేయండి. అంతే! ముందు అడగాల్సింది, కాలువ ఆ రోజే మూయించి నీటిని ట్యాంకర్లలో శుద్ధికి పంపగలరా అని. పంపగలిగితే సంకటమే లేదు. కుదరకపోతే తూకం: తాగునీటి వల్ల జబ్బుపడితే సరిదిద్దలేం, కూలి నష్టం పూడ్చగలం, కాబట్టి మూతే. వెంటనే కూలీలకు పరిహారం, కాయను పక్క యూనిట్లకు మళ్లింపు. 250 మాటల్లో ఇదంతా పట్టాలంటే సిద్ధాంతకర్తల పేర్లు రెండు మించకూడదు.

180 రూపాయలకు మీమాంస పేజీల కోసమైనా కొనొచ్చు. కొన్ని కాపీల్లో సరిగ్గా ఆ పేజీలే తలకిందులుగా బైండయ్యాయి, షాపులోనే తిరగేసి చూసుకోండి.