నాయన చేతి సైగలు నేర్చిన ల్యాప్‌టాప్: 14 నెలలు వాడాక

పక్షవాతం వచ్చాక మా నాయనకు మాట పోయింది, కుడి చెయ్యి పడిపోయింది, ఎడమ చెయ్యి ఒక్కటే ఆడుతుంది. కర్నూలు పాతబస్తీలో మా ఇల్లు చిన్నదే, అయినా అమ్మ వంటింట్లో ఉంటే ఆయన చెయ్యి ఊపేది కనపడదు. అందుకని పాత ల్యాప్‌టాప్‌లో గూగుల్ వాళ్ల మీడియాపైప్ (కెమెరాలో చేతిని గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్) పెట్టి, మంచానికి ఎదురుగా స్టూలు మీద ఉంచాను. పిడికిలి బిగిస్తే నీళ్లు, అరచెయ్యి తెరిస్తే అమ్మ రావాలి, రెండు వేళ్లు చూపిస్తే బాత్రూమ్. సైగ పట్టుకోగానే స్పీకర్‌లో నా కూతురి గొంతు, "అవ్వా, తాతకు నీళ్లంట!" అని పలుకుతుంది.

ఇదెట్లా నేర్చుకుంటుందో తెలిస్తే సగం చికాకు పోతుంది. ముందు అరచెయ్యి ఎక్కడుందో వెతుకుతుంది, ఎందుకంటే వేళ్లు ఎటు వంగినా అరచెయ్యి ఆకారం పెద్దగా మారదు. దొరికాక మణికట్టు నుంచి వేలికొసల దాకా 21 చుక్కలు పెడుతుంది. ఆ చుక్కలు పెట్టడం మనం నేర్పనక్కర్లేదు, దాదాపు 30,000 ఫొటోల మీద మనుషులు గుర్తులు పెట్టి ముందే నేర్పించారు, 2019లో బయటికొచ్చింది. మనం చెప్పాల్సింది చుక్కలు ఏ తీరున ఉంటే ఏ సైగ అన్నది మాత్రమే, కాబట్టి సైగకు 150 ఫొటోలతో పని జరిగిపోయింది.

కానీ మొదటి నెలంతా ఒకటే టెన్షన్. ఫొటోలన్నీ నా చేతివే, నాకు బ్రహ్మాండంగా పలికేది, నాయన చెయ్యెత్తితే మాత్రం చాలాసార్లు ఉలుకూ పలుకూ లేదు. దగ్గర కూర్చుని చూస్తే అర్థమైంది. నలభై ఏళ్లు ఉల్లి మార్కెట్‌లో మూటలు మోసిన చెయ్యి అది, ఉంగరం వేలు, చిటికెన వేలు ఎంత తెరిచినా సగం ముడుచుకునే ఉంటాయి. అట్లాంటి చేతిని ఒక్క ఫొటోలో కూడా చూపించలేదు, తప్పు నాదే. ఓ ఆదివారం ఆయన చేతినే పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ట్యూబ్‌లైట్ కింద తీసి మళ్లీ నేర్పించాను, అప్పటి నుంచి దారిలో పడింది.

ఇంకొకటి, సైగలు కాని వాటికీ ఒక ఫోల్డర్ కావాలి. తువ్వాలు మడవడం, గడ్డం గోక్కోవడం, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని పడుకోవడం, ఇవన్నీ అందులో పడాలి. నేను మూడు నాలుగు ఫొటోలతో సరిపెట్టేసరికి రాత్రి రెండింటికి నిద్రలో ఆయన పిడికిలి ముడిస్తే అమ్మ చెంబుతో పరిగెత్తుకొచ్చింది. ఆ ఫొటోలు బాగా పెంచి, ఇది ఫలానా సైగే అని దానికున్న నమ్మకం (0 నుంచి 1 దాకా లెక్క) 0.7 దాటి, సైగ ఒక సెకను నిలిస్తేనే పలకాలని పెట్టాను.

సాయంత్రం పడమటి కిటికీ ఎండ వెనక నుంచి పడితే చెయ్యి నల్లటి నీడలా కనిపించేది, మంచం తిప్పేశాం. దుప్పటి కింద చెయ్యి ఉంటే ఎట్లాగూ కనపడదు, అందుకే మంచం పక్కన గంట తీసెయ్యలేదు, మీరూ తీసెయ్యొద్దు.

ఈ మధ్య నాయన తనంతట తనే కొత్త సైగ మొదలుపెట్టాడు, పిడికిలి చెవి దగ్గర పెడితే రేడియో పెట్టమని. మనం నేర్పిన మోడల్ (సైగను పోల్చే భాగం) చూసేది చేతి ఆకారమే, చెయ్యి ఎక్కడుందో కాదు, అందుకని చెవి దగ్గర పెట్టినా "నీళ్లంట" అనే పలుకుతోంది. అమ్మ నీళ్లు తెచ్చి, ఆయన తల అడ్డంగా ఊపితే నవ్వి రేడియో పెడుతోంది. బొటనవేలు కొంచెం పైకెత్తమని అడిగి చూశాను, ఎత్తగలుగుతున్నాడు. ఈ ఆదివారం దానికి ఫొటోలు తీయాలి.