షార్ట్ సేల్ తర్వాత మళ్లీ ఇల్లు: ఎఫ్‌హెచ్‌ఏ, కన్వెన్షనల్, నాన్-క్యూఎం... ఏది మేలు?

అమెరికాలో షార్ట్ సేల్ (బ్యాంకు ఒప్పుకోలుతో, బాకీ కన్నా తక్కువ ధరకి ఇల్లు అమ్మడం) అయిన మనవాళ్లు లోన్ ఆఫీసర్‌ని ముందుగా అడిగేది "క్రెడిట్ స్కోర్ ఎంత ఉండాలండీ?" అని. నిజానికి అది మూడో ప్రశ్న. మొదటిది, పాత ఇంటి టైటిల్ ఏ తేదీన కొన్నవాళ్ల పేరుకి మారింది? రెండోది, మీరిప్పుడు హెచ్-1బీ మీద ఉన్నారా, గ్రీన్ కార్డ్ వచ్చిందా, సిటిజనా? ఈ రెండూ తేలితే ఏ లోన్ కుదురుతుందో, ఏది కుదరదో సగం తేలిపోయినట్టే.

ముందు స్టేటస్ సంగతి. పాత సలహాలన్నీ "షార్ట్ సేల్ అయితే ఎఫ్‌హెచ్‌ఏకి వెళ్లు" అనే చెబుతాయి. ఎఫ్‌హెచ్‌ఏ అంటే ప్రభుత్వ సంస్థ ఇన్సూరెన్స్ ఇచ్చే లోన్. కానీ 2025 మే 25 నుంచి కేస్ నంబర్ (ఒక్కో అప్లికేషన్‌కి ఎఫ్‌హెచ్‌ఏ ఇచ్చే నంబర్) తీసుకునే ఎఫ్‌హెచ్‌ఏ లోన్లకి పర్మనెంట్ రెసిడెంట్లు కానివాళ్లు అర్హులు కారు. అంటే హెచ్-1బీ, ఎల్-1 వర్క్ వీసాల వాళ్లకి ఆ దారి లేదు. ఐ-140 (కంపెనీ వేసే గ్రీన్ కార్డ్ పిటిషన్) అప్రూవ్ అయి పదేళ్లుగా క్యూలో ఉన్నా సరే, గ్రీన్ కార్డ్ చేతికి రానిదే లెక్కలోకి రాదు. ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్ అనే సంస్థలు లెండర్ల నుంచి కొనే కన్వెన్షనల్ (ప్రభుత్వ ఇన్సూరెన్స్ లేని) లోన్లకి మాత్రం హెచ్-1బీ అడ్డు కాదు. చట్టబద్ధంగా ఉంటున్నట్టు ఐ-797 (ఇమిగ్రేషన్ అప్రూవల్ నోటీసు), పే స్టబ్‌లు చూపిస్తే చాలు.

ఇక తేదీలు. కన్వెన్షనల్‌కి షార్ట్ సేల్ నుంచి 4 ఏళ్లు ఆగాలి. ఎఫ్‌హెచ్‌ఏకి 3 ఏళ్లు. మిలటరీలో పనిచేసినవాళ్లకి వీఏ లోన్ ఉంది, దానికి సాధారణంగా 2 ఏళ్లు. నాన్-క్యూఎం, అంటే ప్రామాణిక నిబంధనల్లో ఇమడని లోన్లిచ్చే లెండర్లలో కొందరు షార్ట్ సేల్ అయిన మర్నాడే ఇస్తారు, కాకపోతే డౌన్ పేమెంట్, వడ్డీ రెండూ బరువే. ఫోర్‌క్లోజర్ (కిస్తీలు కట్టక బ్యాంకు ఇల్లు స్వాధీనం చేసుకోవడం) అయి ఉంటే కన్వెన్షనల్‌కి 4 కాదు, 7 ఏళ్లు. కింద చెప్పబోయే తలనొప్పి అంతా ఈ తేడా దగ్గరే.

ఎఫ్‌హెచ్‌ఏలో చాలామందికి తెలియని సడలింపు ఒకటుంది. షార్ట్ సేల్‌కి ముందు 12 నెలలూ ఇంటి కిస్తీ, కారు లోన్ లాంటి మిగతా ఇన్‌స్టాల్‌మెంట్లు ఏ నెలవి ఆ నెల కట్టి ఉంటే ఆగాల్సిన పనే లేదు. కాగితం మీద బాగానే ఉంటుంది కానీ ఆచరణలో అరుదు. కిస్తీలు తప్పితేనే షార్ట్ సేల్ ఫైలు కదులుతుందన్న మాట విని ముందే కట్టడం ఆపేసినవాళ్లే ఎక్కువ.

కన్వెన్షనల్‌లో 4 ఏళ్లు 2 ఏళ్లకి తగ్గే వీలుంది, మన చేతిలో లేని కారణం వల్ల ఆదాయం ఒక్కసారిగా, గట్టిగా, ఎక్కువకాలం పడిపోయిందని రుజువు చేస్తే. లేఆఫ్ దీనికి పనికొస్తుంది. ముఖ్యంగా హెచ్-1బీ మీద ఉద్యోగం పోయి, 60 రోజుల గ్రేస్ గడువులో ఇంకోటి దొరక్క దేశం విడిచి, ఇల్లు అయినకాడికి అమ్ముకున్నవాళ్ల ఫైలు బలంగానే ఉంటుంది. టెర్మినేషన్ లెటర్, సెవరెన్స్ కాగితాలు, ఆ ఏడాది ట్యాక్స్ రిటర్న్, అప్పటి బ్యాంకు స్టేట్‌మెంట్లు కావాలి. వాటితోపాటు సంజాయిషీ లెటర్ అడుగుతారు. అక్కడ మన గోడు అంతా రాస్తే అండర్‌రైటర్ (ఫైలు పరిశీలించి తేల్చేవాడు) చదవడు. ఫలానా నెలలో ఉద్యోగం పోయింది, ఫలానా నెల నుంచి కిస్తీ ఆగింది, ఫలానా తేదీన ఇల్లు అమ్ముడైంది, ఫలానా తేదీ నుంచి కొత్త ఉద్యోగం. నాలుగు వాక్యాలు, ప్రతి తేదీకీ వెనకాల ఒక కాగితం. ఇల్లు విలువ పడిపోయిందనో, వేరే ఊళ్లో ఉద్యోగం వస్తే పాత ఇల్లు అమ్ముడుపోలేదనో రాస్తే మాత్రం ఒప్పుకోరు.

ఇప్పుడు డబ్బు లెక్క. 4,00,000 డాలర్ల ఇల్లు అనుకుందాం. ఎఫ్‌హెచ్‌ఏకి స్కోర్ 580 ఉంటే 3.5% డౌన్, అంటే 14,000. 500 నుంచి 579 మధ్య ఉంటే 10% పెట్టాలని రూలు, కానీ అంత తక్కువ స్కోర్‌కి ఇచ్చే లెండర్ని వెతుక్కోవడమే పెద్ద పని. 3,86,000 లోన్ మీద మొదట్లోనే 1.75% ఇన్సూరెన్స్ ప్రీమియం, 6,755 డాలర్లు, లోన్‌కే కలిపేస్తారు. ఆపైన ఏడాదికి 0.55% చొప్పున నెలకి సుమారు 177. 3.5% డౌన్‌తో తీసుకుంటే ఈ నెలవారీ ప్రీమియం లోన్ ఉన్నంతకాలం పోదు. 10% పెడితే 11 ఏళ్లకి ఆగుతుంది.

కన్వెన్షనల్‌లో 20% కన్నా తక్కువ పెడితే పీఎంఐ (లెండర్ కోసం మనం కట్టే మార్ట్‌గేజ్ ఇన్సూరెన్స్) ఉంటుంది. దాని ధర స్కోర్‌ని బట్టి మారుతుంది, 740 ఉన్నవాళ్లు కట్టేదీ 630 ఉన్నవాళ్లు కట్టేదీ ఒకటి కాదు. వడ్డీ రేటూ అంతే. అయితే బాకీ ఇల్లు కొన్న విలువలో 80%కి దిగినప్పుడు, కిస్తీలు తప్పకుండా కట్టి ఉంటే, పీఎంఐ తీసేయమని అడగొచ్చు. 78%కి షెడ్యూల్ ప్రకారం వచ్చినప్పుడు వాళ్లే తీసేయాలి.

కాబట్టి గ్రీన్ కార్డ్ ఉండి, 3 ఏళ్లు దాటి, స్కోర్ 620 నుంచి 660 దగ్గర తచ్చాడుతుంటే మా ఓటు ఎఫ్‌హెచ్‌ఏకే. స్కోర్ తక్కువని దాని ప్రీమియం పెరగదు. అదే స్కోర్ 700 దాటి, నాలుగో ఏడు నిండడానికి ఏడెనిమిది నెలలే ఉంటే ఆగడమే నయం. "ఇప్పుడు ఎఫ్‌హెచ్‌ఏ తీసుకుని ఏడాదిలో కన్వెన్షనల్‌కి రీఫైనాన్స్ చేద్దాం" అనేవాళ్లు ఆ 6,755 సంగతి మర్చిపోతారు. కన్వెన్షనల్‌కి మారితే అందులో పైసా వెనక్కి రాదు. దానికి తోడు రెండోసారి క్లోజింగ్ ఖర్చులు.

నాన్-క్యూఎంకి 20% అనుకుంటే 80,000 డౌన్, 3,20,000 లోన్. ఉదాహరణకి కన్వెన్షనల్ 6.5%, ఇది 8.5% అయితే 30 ఏళ్ల కిస్తీ 2,023 బదులు 2,460. నెలకి 437 తేడా, రెండేళ్లు భరిస్తే పది వేల పైచిలుకు. ఆపైన రీఫైనాన్స్ ఖర్చు. పిల్లల స్కూల్ డిస్ట్రిక్ట్ కోసమో, అద్దె ఇంటి ఓనర్ ఖాళీ చేయమంటేనో తప్ప దీన్ని సిఫార్సు చేయలేం. రేపు రేట్లు దిగుతాయన్న ఆశ మీద మాత్రం అస్సలు తీసుకోవద్దు.

హెచ్-1బీ కుటుంబాలకి ఇంతకన్నా మంచి దారి ఇంకోటుంది, పాత లోన్ ఒక్కరి పేరు మీదే ఉండి ఉంటే. పాత లోన్ భర్త పేరున ఉంటే భార్య ఒక్కరే కన్వెన్షనల్‌కి అప్లై చేయొచ్చు. ఆ లోన్ మీద ఆవిడ సంతకం లేకపోతే 4 ఏళ్ల నిబంధన ఆవిడకి వర్తించదు, భర్త అప్పులూ లెక్కలోకి రావు. ఇద్దరికీ గ్రీన్ కార్డ్ ఉన్నా, టెక్సస్, కాలిఫోర్నియా లాంటి కమ్యూనిటీ ప్రాపర్టీ (పెళ్లయ్యాక ఆస్తులూ అప్పులూ ఇద్దరివీ అని లెక్కేసే) రాష్ట్రాల్లో ఎఫ్‌హెచ్‌ఏ అయితే లోన్‌లో లేని భర్త అప్పుల్నీ కలిపి లెక్కేస్తుంది, కన్వెన్షనల్ కలపదు. మెలిక ఎక్కడంటే, ఆవిడ ఒక్కరి జీతం మీదే అప్పుల నిష్పత్తి (నెల జీతంలో కిస్తీలకి పోయే వాటా) 50% లోపు నిలవాలి. టెక్సస్‌లో లోన్ ఆవిడదే అయినా క్లోజింగ్ రోజున డీడ్ ఆఫ్ ట్రస్ట్ (ఇంటి తాకట్టు పత్రం) మీద భర్త సంతకం కూడా కావాలి, ఇండియా ట్రిప్ ఆ తేదీకి పెట్టుకోవద్దు.

డౌన్ పేమెంట్‌కి అమ్మానాన్నలు ఇండియా నుంచి గిఫ్ట్‌గా పంపితే కన్వెన్షనల్, ఎఫ్‌హెచ్‌ఏ రెండూ ఒప్పుకుంటాయి. తిరిగి ఇవ్వక్కర్లేదన్న గిఫ్ట్ లెటర్, వైర్ రసీదు ఉండాలి. ఆర్‌బీఐ ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకి డబ్బు పంపే పథకం) కింద మనిషికి ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా పంపొచ్చు. 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20% టీసీఎస్ (ముందస్తు పన్ను) పట్టుకుంటుంది, రిటర్న్ వేస్తే సర్దుబాటవుతుంది. ముందే చెప్పకపోతే పెద్దవాళ్లు కంగారు పడతారు.

అన్నీ సరిగ్గా ఉండి కూడా ఫైలు తిరిగొచ్చేది ఎక్కువగా క్రెడిట్ రిపోర్ట్ దగ్గర. షార్ట్ సేల్ అయిన అకౌంట్ "పూర్తి బాకీ కన్నా తక్కువకి సెటిల్ అయింది", బ్యాలెన్స్ సున్నా అని ఉండాలి. కొన్ని రిపోర్టుల్లో దానికీ ఫోర్‌క్లోజర్‌కీ ఒకే కోడ్ పడుతుంది. ఫ్యానీ మే సాఫ్ట్‌వేర్ ఆ కోడ్ చూసి ఫోర్‌క్లోజర్ అనుకుంటుంది, 7 ఏళ్లు నిండలేదని తోసేస్తుంది. అప్లై చేయడానికి మూడు నాలుగు నెలల ముందే ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ మూడు రిపోర్టులూ తీసి ఆ ఒక్క అకౌంట్ చూసుకోండి. తప్పుంటే సెటిల్‌మెంట్ స్టేట్‌మెంట్, బ్యాంకు ఇచ్చిన షార్ట్ సేల్ అప్రూవల్ లెటర్ జతచేసి డిస్ప్యూట్ వేయండి. మామూలుగా 30 రోజుల్లో తేల్చాలి. డిస్ప్యూట్ నడుస్తుండగా మాత్రం అప్లై చేయొద్దు, తెరిచి ఉన్న డిస్ప్యూట్‌ని చూస్తే అండర్‌రైటర్ ఫైలు పక్కన పెడతాడు. అప్పటికే అప్లై చేసేసి ఉంటే, అది షార్ట్ సేలేనని కాగితాలతో నిర్ధారించుకుని సాఫ్ట్‌వేర్‌లో నమోదు చేసి మళ్లీ రన్ చేసే వీలు లోన్ ఆఫీసర్‌కి ఉంది. ఆ సంగతి తెలియని ఆఫీసర్ అయితే లెండర్ని మార్చడమే తేలిక.

ఫోన్ యాప్‌లో కనిపించే స్కోర్‌ని నమ్ముకోవద్దు. అది తరచూ వాంటేజ్ అనే వేరే రకం లెక్కతో వచ్చే స్కోర్. ఇళ్ల లెండర్లు చాలాకాలంగా వాడేది ఫైకో అనే స్కోర్ పాత వెర్షన్లు, మూడు క్రెడిట్ బ్యూరోల స్కోర్లలో మధ్యది తీసుకుంటారు. తేడా ఒక్కోసారి గట్టిగానే ఉంటుంది. స్టేట్‌మెంట్ పడే తేదీకి ముందే కార్డుల బ్యాలెన్స్‌ని లిమిట్‌లో 10% లోపుకి దించితే ఆ మధ్య స్కోర్ ఒక్క నెలలోనే కదులుతుంది.

చివరగా తేదీ ఎలా లెక్కేస్తారన్నది. ఎఫ్‌హెచ్‌ఏలో 3 ఏళ్లు టైటిల్ మారిన రోజు నుంచి కొత్త లోన్‌కి కేస్ నంబర్ ఇచ్చే రోజు వరకు. ఒక్కరోజు ముందు కేస్ నంబర్ తీసినా చిక్కే. కన్వెన్షనల్‌లో 4 ఏళ్లు షార్ట్ సేల్ పూర్తయిన రోజు నుంచి కొత్త లోన్ డబ్బు విడుదలయ్యే రోజు వరకు. అందుకని నాలుగో ఏడు నిండడానికి నెలన్నర ముందే ఇల్లు చూసుకుని కాంట్రాక్ట్ రాసుకోవచ్చు, క్లోజింగ్ తేదీ మాత్రం గడువు దాటిన వారానికి పెట్టమని ఏజెంట్‌కి చెప్పండి.