గ్నూక్యాష్‌లో బ్యాంకు పద్దుల దిగుమతి ఎంతవరకు పనికొస్తుంది

మా ఇంటి జమాఖర్చులను నాలుగేళ్లుగా గ్నూక్యాష్‌లో రాస్తున్నాను. 1998లో తొలి వెర్షన్ వెలువడిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ జంట పద్దు విధానంలో నడుస్తుంది. అంటే కిరాణా కొట్లో ఇచ్చిన 640 రూపాయలు బ్యాంకు ఖాతాలో తగ్గినట్టు, కిరాణా ఖర్చులో చేరినట్టు రెండు చోట్లా నమోదవుతాయి. ఈ క్రమశిక్షణ నాకు ఎంతో ఇష్టం. అయితే పాల ప్యాకెట్టు నుంచి ఆటో కిరాయి వరకు అన్నీ యూపీఐలోకి మారాక, మా ఇంట్లో బ్యాంకు పద్దులు నెలకు రెండు వందలు దాటుతున్నాయి. వాటన్నిటినీ చేతితో ఎక్కించడం నా వల్ల కాక, ఏడాదిన్నరగా స్టేట్‌మెంటును నేరుగా దిగుమతి చేసుకుంటున్నాను. ఈ సమీక్ష ఆ ఒక్క సౌకర్యం గురించే.

జర్మనీ బ్యాంకుల నుంచి లావాదేవీలను గ్నూక్యాష్ ఆన్‌లైన్‌లోనే తెచ్చుకోగలదు. మన బ్యాంకులతో అలా కుదరదు కాబట్టి, నెట్‌బ్యాంకింగ్‌లో స్టేట్‌మెంటును సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక) రూపంలో దించుకుని ఇంపోర్ట్ చేయాలి. పైన ఖాతాదారు పేరు, చిరునామా ఉన్న వరుసలను వదిలేయమని, ఏ కాలమ్ తేదీ, ఏది జమ, ఏది ఖర్చు అని మొదటిసారి చెప్పి, ఆ అమరికను ఒక పేరుతో భద్రపరిస్తే మరుసటి నెల నుంచి ఆ పని ఉండదు. ఇక్కడ తేదీ వరుస విషయంలో జాగ్రత్త అవసరం. మొదటి నెలలో నేను నెల-రోజు-సంవత్సరం అన్న వరుసను అలాగే ఉంచి, తప్పున్న వరుసలను దాటవేయమని టిక్ పెట్టాను. దాంతో 13వ తేదీ నుంచి ఉన్న పద్దులన్నీ ఎగిరిపోయాయి, మార్చి 5 కాస్తా మే 3 అయింది. ఎర్ర గుర్తు పడిన ప్రతి వరుసనూ చూడకుండా ముందుకు వెళ్లకూడదని అప్పుడే తెలిసింది.

అసలు విశేషం ఆ తరువాతి తెరలో ఉంది. ఏ పద్దు ఏ ఖర్చు కిందికి వస్తుందో, మనం గతంలో ఎంచుకున్న వాటిని బట్టి బేసియన్ పద్ధతిలో, అంటే సంభావ్యతల లెక్కతో, గ్నూక్యాష్ ఊహిస్తుంది. ఖాతా దొరికిన పద్దు పచ్చగా, దొరకనిది పసుపుగా కనిపిస్తుంది. పసుపు వరుసలను అలాగే వదిలేస్తే ఆ మొత్తాలన్నీ ఇంబ్యాలెన్స్ అనే ఖాతాలో పోగుపడతాయి. ఒకే రకం వరుసలను కలిపి ఎంచుకుని, కుడి క్లిక్‌తో అన్నిటికీ ఒకేసారి ఖాతా చూపించవచ్చు.

అయితే మొదటి మూడు నెలలూ కరెంటు బిల్లు, జీతం వంటి వాటిని నేర్చుకున్న గ్నూక్యాష్, వారానికి రెండుసార్లు వెళ్లే కూరగాయల దుకాణాన్ని మాత్రం ప్రతిసారీ కొత్తగానే చూసింది. కారణం నెరేషన్‌లో, అంటే ప్రతి పద్దు పక్కన బ్యాంకు రాసే వివరణలో ఉంది. గ్నూక్యాష్ నెరేషన్‌ను ఖాళీల దగ్గర విడగొట్టి, ఒక్కో ముక్కను ఒక్కో ఆనవాలుగా గుర్తుపెట్టుకుంటుంది. నా బ్యాంకు యూపీఐ నెరేషన్‌లోనేమో దుకాణం పేరు, యూపీఐ ఐడీ, బ్యాంకు కోడు, 12 అంకెల రిఫరెన్సు నంబరు అన్నీ అడ్డగీతలతో ఒకదానికొకటి అతుక్కుని, మధ్యలో ఒక్క ఖాళీ అయినా లేకుండా వస్తాయి. రిఫరెన్సు నంబరు ప్రతి చెల్లింపుకూ మారుతుంది కనుక, ఆ పొడవాటి ముక్క మొత్తం ప్రతిసారీ కొత్త ముక్కే అవుతుంది. ఇక నేర్చుకోవడానికి ఏం మిగులుతుంది? ఇప్పుడు దిగుమతికి ముందు ఫైలును లిబ్రెఆఫీస్‌లో తెరిచి, నెరేషన్ కాలమ్‌లోని అడ్డగీతలన్నిటినీ ఫైండ్ అండ్ రీప్లేస్‌తో ఖాళీలుగా మారుస్తున్నాను. పట్టేది అర నిమిషం. ఈ చిన్న మార్పు తరువాత రెండో నెలకే కూరగాయల దుకాణం, మందుల షాపు, పెట్రోలు బంకు పచ్చరంగులోకి వచ్చేశాయి. ఈ సౌకర్యం పనిచేయడం లేదని వదిలేసినవారు ఎవరైనా ఉంటే, ముందు తమ నెరేషన్‌ను ఒకసారి చూసుకోవాలని నా మనవి.

వ్యక్తుల పేర్ల మీద వెళ్లే డబ్బు సంగతి వేరు. ఆటో నడిపే వ్యక్తికి ఇచ్చిన 80 రూపాయలకూ, బంధువుకు సర్దిన 5,000 రూపాయలకూ నెరేషన్‌లో తేడా ఏమీ ఉండదు. అందుకే డబ్బు పంపేటప్పుడే నోట్‌లో ‘కిరాయి’, ‘సర్దుబాటు’ అని ఇంగ్లిషు అక్షరాల్లో రాయడం ఇంటిల్లిపాదీ అలవాటు చేసుకున్నాం. నా బ్యాంకు నెరేషన్ చివర ఆ మాట కనిపిస్తుంది, గ్నూక్యాష్‌కు అదే ఆనవాలవుతుంది.

ఒకే పద్దు రెండుసార్లు ఎక్కకుండా చూసే ఏర్పాటు కూడా ఉంది కానీ, దానిని పూర్తిగా నమ్మలేం. బ్యాంకు లావాదేవీల కోసమే రూపొందించిన ఓఎఫ్‌ఎక్స్ అనే రకం ఫైలులో ప్రతి లావాదేవీకీ సొంత గుర్తింపు సంఖ్య ఉంటుంది. సీఎస్‌వీలో అది లేనందున తేదీ, మొత్తం, వివరణ పోల్చి అంచనా వేయవలసి వస్తుంది. రోజూ ఒకే మొత్తం ఇచ్చే పాల పద్దు వంటివి ఇక్కడే చిక్కుపడతాయి. నెల మొదటి రోజు పద్దును ముందు రోజు దానికి నకలుగా భావించి, ఎర్రరంగులో పక్కన పెట్టే అవకాశం ఉంది. ఎర్ర వరుసలను నేను ఒక్కొక్కటిగా చదువుతాను.

ఇంటి రుణం కిస్తీని మాత్రం దిగుమతికి వదలను. బ్యాంకు నెరేషన్‌లో ఒకే మొత్తం ఉంటుంది. ఆదాయపు పన్ను లెక్కకు వడ్డీ, అసలు విడిగా తెలియాలి. షెడ్యూల్డ్ ట్రాన్సాక్షన్‌లో (నిర్ణీత తేదీకి దానంతటదే నమోదయ్యే పద్దులో) సూత్రం ఇస్తే ప్రతి నెలా ఆ రెండింటినీ గ్నూక్యాషే విడదీసి రాస్తుంది, ఆపైన దిగుమతిలో వచ్చిన మొత్తాన్ని దానితో జతపరుస్తుంది.

ఎస్సెమ్మెస్‌లు చదివి ఖర్చులు రాసిపెట్టే మొబైల్ యాప్‌లు ఇంతకంటే సులువే. కానీ నా సందేశాలన్నిటినీ మరొకరికి చూపడానికి నాకు మనసొప్పదు. గ్నూక్యాష్ ఫైలు నా కంప్యూటర్‌లోనే ఉంటుంది. అందుకు బదులుగా నెలకొక ఆదివారం ఉదయం ముప్పావు గంట కేటాయిస్తున్నాను. అందులో చివరి పది నిమిషాలు రీకన్సైల్ కిటికీలో స్టేట్‌మెంటు ముగింపు నిల్వతో నా నిల్వను పోల్చడానికే. తేడా సున్నా అని కనిపించేదాకా ఆ నెల లెక్కను మూయను.