పడుకునే ముందు బేతాళుడా, మాయల ఫకీరా?

పిల్లలకు రాత్రి కథ చెప్పాలంటే మా ఇంట్లో రోజూ ఇదే తగువు.

సమయం: బేతాళ కథ పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. మాయల ఫకీరు వచ్చే బాలనాగమ్మ కథ బుర్రకథ వాళ్లే రాత్రంతా చెప్పేవారు, మనకు నాలుగైదు రాత్రులైనా పడుతుంది.

చెప్పేవారి శ్రమ: ఫకీరు కథలో గుర్తు తప్పకపోతే చాలు, కథ దానంతటదే నడుస్తుంది. బేతాళుడితో అలా కుదరదు. చివర్లో చిక్కు ప్రశ్న ఉంటుంది. బేతాళుడున్న శవాన్ని మోసుకెళ్లే విక్రమార్కుడు జవాబు తెలిసీ చెప్పకపోతే అతని తల పగులుతుంది, చెబితే శవం మళ్లీ చెట్టెక్కుతుంది. పిల్లలు విక్రమార్కుడి తీర్పు ఒప్పుకోరు, వాదిస్తారు. నాకైతే అదే ఇష్టం. పదకొండో శతాబ్దపు సంస్కృత కథల పుస్తకం కథాసరిత్సాగరంలో ఇలాంటి చిక్కు ప్రశ్నల కథలు 24 ఉన్నాయి. చివరిది తండ్రీ కొడుకులు, తల్లీ కూతుళ్ల పెళ్లిళ్ల చిక్కు. అందులో పుట్టిన పిల్లలు ఒకరికొకరు ఏమవుతారంటే రాజు కూడా నోరు మెదపలేకపోయాడు! చిన్నపిల్లలకు అది వద్దు.

భయం: శవం, శ్మశానం, చీకటి. ఆరేళ్లలోపు వాళ్లు పక్క తడిపితే నన్ను అనొద్దు. ఫకీరు బాలనాగమ్మను కుక్కగా మార్చి ఎత్తుకుపోయినా, వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉందని తెలియగానే పిల్లలకు ధైర్యం వస్తుంది. బాలనాగమ్మ కొడుకు బాలవర్ధిరాజు వెళ్లి ఆ చిలకను పట్టేస్తాడు.

చిన్నవాళ్లుంటే, సెలవులైతే ఫకీరు. ఎనిమిదేళ్లు దాటి, ప్రతిదానికీ ఎందుకు అనే రకమైతే బేతాళుడు. మర్నాడు స్కూలుంటే మాత్రం ప్రశ్న అడగకుండా లైటు ఆర్పేయండి.