ఓస్లోలోని విగెలాండ్ మ్యూజియం: ఏకశిల వెనుక ఉన్న చేతులు

నార్వే రాజధాని ఓస్లో వెళ్లే మనవాళ్లలో చాలామంది ఫ్రోగ్నర్ పార్కులో గుస్తావ్ విగెలాండ్ శిల్పాల దగ్గర ఫొటోలు దిగి, అక్కడికి కొద్ది నిమిషాల నడక దూరంలోనే ఉన్న ఆయన మ్యూజియాన్ని చూడకుండా తిరిగి వచ్చేస్తారు. పార్కులోకి ప్రవేశం ఉచితం, మ్యూజియానికి మాత్రం టికెట్ కొనాలి. శిల్పకళ మీద ఏ కాస్త ఆసక్తి ఉన్నా ఆ డబ్బు ఖర్చు చేసి తీరాలని గట్టిగా చెబుతాను.

1869లో పుట్టిన విగెలాండ్‌తో ఓస్లో నగరం 1921లో ఒక ఒప్పందం చేసుకుంది. నగరం ఆయనకు ఇల్లూ స్టూడియో కలిసిన భవనం కట్టించి ఇవ్వాలి, బదులుగా ఆయన శిల్పాలు, చిత్రాలు, నమూనాలు అన్నీ నగరానికే చెందాలి. 1924లో ఆయన అందులోకి మారారు, 1943లో మరణించేదాకా అక్కడే పనిచేశారు. 1947లో మ్యూజియంగా తెరిచినది ఆ భవనమే, ఆయన అస్థికలు కూడా దాని గోపురంలోనే ఉన్నాయి.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టినది పార్కులోని మోనోలిత్‌కు మూలమైన ప్లాస్టర్ నమూనా. పద్నాలుగు మీటర్లకు పైగా ఎత్తున్న ఆ ఏకశిలా స్తంభం మీద 121 మానవాకృతులు ఒకదానినొకటి పెనవేసుకుని ఉంటాయి. పార్కులో మెడ ఎత్తి చూసినా పైనున్న పసిపిల్లల ముఖాలు అందవు. ఇక్కడ నమూనాను మూడు భాగాలుగా నిలబెట్టారు కనుక, ఆ ముఖాలను దగ్గర నుంచి చూడవచ్చు. ప్లాస్టర్ మీద అక్కడక్కడా చిన్న చిన్న గుర్తులు కనిపిస్తాయి. విగెలాండ్ మట్టితో చేసిన రూపాన్ని ప్లాస్టర్‌లో పోత పోశాక, ఆ గుర్తుల మధ్య దూరాన్నీ లోతునూ కొలిచి, అవే కొలతలతో రాతిని చెక్కుతారు. అలా ముగ్గురు శిల్పులు 1929 నుంచి 1943 వరకు ఉలి పట్టిన ఫలితమే మనం పార్కులో చూసే గ్రానైట్ స్తంభం. పేరు ఒక్కరిదే అయినా శ్రమ నలుగురిదని ఈ గదిలో స్పష్టంగా తెలుస్తుంది, ఆ ముగ్గురికీ దక్కవలసిన గౌరవం ఇంకా ఎంతో ఉందని నాకు అనిపించింది.

గణితవేత్త ఆబెల్ స్మారకం నమూనా కూడా ఇక్కడే ఉంది. 1908లో నెలకొల్పిన ఆ స్మారకంలో, గాలిలో దూసుకుపోతున్న రెండు మూర్తుల మీద యువకుడు నిలబడి ఉంటాడు. నోబెల్ శాంతి బహుమతి పతకాన్ని రూపొందించింది కూడా విగెలాండే అన్న సంగతి మన పాఠకుల్లో చాలామందికి కొత్తగా ఉండవచ్చు. నా మట్టుకు నాకు, భావమే ప్రధానమై కొంత బరువుగా తోచే పార్కులోని శిల్ప సమూహాలకంటే, నాటకకర్త ఇబ్సెన్ వంటి వారి ముఖశిల్పాలే ఎక్కువ సజీవంగా అనిపించాయి.

గదుల నిండా తెల్లని ప్లాస్టరే కనుక పిల్లలకు విసుగు పుట్టవచ్చు. పై అంతస్తులో ఆయన నివసించిన ఇంటిని గైడ్ వెంట మాత్రమే చూడగలం, కాబట్టి ఆ వేళలు ముందే కనుక్కోవాలి. ముందు మ్యూజియం చూసి, ఆ తర్వాత 58 కంచు విగ్రహాలున్న వంతెన మీదుగా మోనోలిత్ వైపు నడవడం మంచిది.